రాముణ్ణి లెక్క అడిగినవాడు

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు ముందు కింద గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు కొండ కొసన ఉన్నవాళ్లకు వినిపిస్తుందని గైడు చెబుతాడు. నిజంగానే వినిపిస్తుంది. శత్రువు వస్తే పైకి కబురు అందేందుకు కుతుబ్‌షాహీల కాలంలో చేసుకున్న ఏర్పాటు అంటారు. ఆ సరదా తీరాక మెట్లెక్కుతూ పోతే దారిలో ఒక చీకటి గది కనిపిస్తుంది. లోపల గోడ మీద చెక్కిన దేవుళ్ల బొమ్మలు, వాటి ముందు ఎవరో పెట్టిన పూలు. రామదాసు బందీఖానా అది. కింద కొట్టిన చప్పట్లు పైన వినబడే ఆ కోటలోనే ఒక మనిషి పన్నెండేళ్లు పిలిచాడు. పైవాడు పలకలేదు.

రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లివాడు. గోల్కొండ దర్బారులో చక్రం తిప్పిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహశీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఆ ఖర్చు సర్కారు శిస్తులోంచి పోయిందని తేలేసరికి, తానీషాగా పేరుపడ్డ అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువు అతన్ని జైల్లో పెట్టింది. బాకీ ఆరు లక్షల వరహాలని కథ. పన్నెండేళ్ల చెర అన్న మాట జనం నోట స్థిరపడిపోయింది. 1964లో నాగయ్య, 2006లో నాగార్జున ఆ పాత్రను తెర మీదికి తెచ్చినప్పుడు హాల్లో జనం కళ్లు తుడుచుకున్నది కూడా ఆ గది దగ్గరే.

అయితే ఆ గదిలో గోపన్న ఏం చేశాడన్నది ఈ అధ్యాయానికి ముఖ్యం. అతను ఓర్చుకుని కూర్చోలేదు. తిట్టాడు.

చెరసాల కీర్తనల్లో బాగా ప్రచారంలో ఉన్నది నగల చిట్టా. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. ఏ నగకు ఎంతయిందో ఖాతా పుస్తకం ముందు పెట్టుకున్నట్టు చదివి వినిపిస్తాడు. తహశీల్దారు కదా, లెక్కలు మరిచిపోడు. ఇవన్నీ ఎవరి డబ్బుతో వచ్చాయనుకున్నావు అని నిలదీస్తూ దశరథుణ్ణీ జనకుణ్ణీ కూడా ఆ పద్దులోకి లాగుతాడు. చివర మాత్రం దెబ్బల నొప్పికి నోరు జారానని సర్దిచెప్పుకుంటాడు. ఇంకో కీర్తనలో దారి మారుస్తాడు. రాముణ్ణి నేరుగా అడిగితే పని కావడం లేదని సీతమ్మను పట్టుకుని, ఇద్దరూ ఏకాంతంగా ఉన్న వేళ చూసి తన మాట వేయమని బతిమాలతాడు. ఆఫీసులో ఫైలు ఎలా కదులుతుందో తెలిసినవాడి పద్ధతి అది!

ఈ తిట్లన్నీ ఒకే గుమ్మం ముందు తిట్టినవి. కోపం వచ్చిందని అతను గుమ్మం మార్చలేదు. పరాయివాణ్ణి ఎవరూ అంత చనువుగా తిట్టరు. నా సొమ్ము తిన్నావు, నా సంగతి చూడవేం అని అడగాలంటే, చూడాల్సిన బాధ్యత అవతలివాడికి ఉందని ముందు నమ్మాలి. గోపన్న విశ్వాసం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ తిట్టులోనే ఉంది.

కష్టం వచ్చిన ఇంట్లో మొదట వినబడే మాట "ఏడవకమ్మా, దేవుడున్నాడు." మంచి మనసుతోనే అంటారు. కానీ వినేవాళ్ల చెవికి అది ఇంకోలా తగులుతుంది: ఏడిస్తే నమ్మకం లేనట్టు, అడిగితే అపచారం చేసినట్టు. దాంతో కీమోథెరపీ మూడో విడతకు వచ్చిన మనిషి కడుపులో వికారం, గుండెలో మంట పెట్టుకుని పైకి "అంతా ఆయన దయ" అంటూ వచ్చినవాళ్లకు కాఫీలు ఇప్పిస్తుంటాడు. చేతికొచ్చిన పంట తుపానులో పోగొట్టుకున్న కౌలురైతు గుడి ముందునుంచి పోతూ అలవాటుగా చెంపలు వేసుకుంటాడు, లోపలికి మాత్రం పోడు. దీన్ని విశ్వాసం అనడం కంటే మొహమాటం అనడం సబబు. దేవుడి దగ్గర కూడా మొహమాటపడేవాళ్లు నెమ్మదిగా ఆయనతో మాట్లాడటం మానేస్తారు. తిట్టేవాడి కంటే వీళ్లే ఎక్కువ దూరం వెళ్లిపోతారు.

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ఏనుగు సంగతి చూడండి. మొసలి కాలు పట్టగానే అది దేవుణ్ణి పిలవలేదు. ఏళ్ల తరబడి సొంత బలంతో పోరాడింది. బలం ఉడిగాక పిలిచింది, పిలుస్తూ పిలుస్తూ మధ్యలో ఉన్నాడో లేడో అని అనుమానపడింది. బడిలో ఆ అనుమానం చెప్పే పద్యం కంఠస్థం చేసి, ప్రతిపదార్థం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగరు: ఆ అనుమానానికి ఏనుగుకు శిక్ష పడలేదు. విష్ణువు లక్ష్మికి ఒక మాటైనా చెప్పకుండా, చేతిలో ఆయుధం ఉందో లేదో చూసుకోకుండా బయల్దేరాడు. సందేహంతో కలిసి వెళ్లిన మొర కూడా వైకుంఠం చేరిందని పోతన కథ.

ఇది ఒక్క మతం సొత్తు కాదు. బైబిల్లోని 150 కీర్తనల్లో మూడో వంతు దాకా విలాపాలే. వాటిలో 88వది మరీ నిరాశతో నిండింది. చివరిదాకా ఓదార్పు రాదు, చీకటి ప్రస్తావనతోనే ఆగిపోతుంది. దాన్ని తీసేయాలని సంకలనం చేసినవాళ్లకు తోచలేదు. సిలువ మీద యేసు తండ్రిని నిలదీసిన మాట 22వ కీర్తన మొదటి మాటే. ఖురాన్‌లో యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడిపోతాయి. కొడుకులు విసుక్కుంటే, నా బాధ మొరపెట్టుకునేది అల్లాకే గానీ మీకు కాదు అన్న అర్థంలో జవాబిస్తాడు. ఓర్పుకు ఆదర్శంగా చెప్పే మనిషి అతను. ఓర్పూ ఏడుపూ ఆయన దగ్గర పక్కపక్కనే ఉన్నాయి.

ఫిర్యాదుకూ ఒక హద్దుంది

అలాగని తిట్టడమే మందు అనుకుంటే పొరపాటు. అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కష్టకాలంలో మతం మనిషికి ఎలా పనికొస్తుంది, ఎప్పుడు అడ్డం తిరుగుతుంది అన్న ప్రశ్న మీదే దశాబ్దాలు పనిచేశాడు. 2001లో అతని బృందం ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆస్పత్రిలో చేరిన 55 ఏళ్లు పైబడిన 596 మంది రోగులను తీసుకుని, రెండేళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో చూశారు. దేవుడు తనను వదిలేశాడని, తన మీద ఆయనకు ప్రేమ లేదని, లేదా ఇదంతా సైతాను పనేనని అనుకుంటూ వచ్చినవాళ్లలో ఆ రెండేళ్లలో చనిపోయే ప్రమాదం 19 నుంచి 28 శాతం ఎక్కువగా కనబడింది. వయసు, రోగం తీవ్రత, మానసిక స్థితి లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా. ఆలోచన వల్లే మరణం వచ్చిందని దీన్నిబట్టి తేల్చలేం. కానీ కొట్టిపారేయడానికీ లేదు.

మరి గోపన్నకూ ఆ రోగులకూ తేడా ఏమిటి? ఎందుకు రావడం లేదని అడగడం వేరు, ఇక రాడని తీర్మానించుకోవడం వేరు. అడిగేవాడు జవాబు కోసం తలుపు వైపు చూస్తుంటాడు. తీర్మానించుకున్నవాడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఇంట్లో ఎవరైనా రోజుల తరబడి అలా గోడ వైపు తిరిగి పడుకుంటే, మాట తగ్గి తిండి తగ్గి, చేసిన పాపానికి శిక్ష పడుతోందని పదేపదే అంటుంటే అది వేదాంతం అనుకుని వదిలేయకూడదు. డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అది. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పూజారో పాస్టరో మౌల్వీయో కూడా ఈ నంబరు దగ్గర పెట్టుకోవడం మంచిది. వాళ్ల దగ్గరికే ముందు వస్తారు జనం.

కోతిపిల్ల, పిల్లికూన

పార్గమెంట్ అంతకుముందు, 1988లో, మరికొందరితో కలిసి ఇంకో విభజన చేశాడు. సమస్య వస్తే భక్తులు మూడు తీర్లుగా ఉంటారట. దేవుడు తెలివిచ్చాడు, మిగతాది నేనే చూసుకుంటాననేవాళ్లు ఒకరు. అంతా ఆయనే చూసుకుంటాడని చేతులు కట్టుకునేవాళ్లు ఇంకొకరు. ఇద్దరం కలిసి చూసుకుంటామనేవాళ్లు మూడోవారు. రెండో తీరువాళ్లలో సొంత సామర్థ్యం మీద నమ్మకం తక్కువగా కనబడింది, మూడో తీరువాళ్లు మెరుగ్గా ఉన్నారు.

శ్రీవైష్ణవుల ఇళ్లలో పెరిగినవాళ్లు ఇది చదివితే నవ్వుకుంటారు. ఈ తగువు వాళ్ల ఇంట్లో ఆరేడు వందల ఏళ్లుగా నడుస్తున్నదే. వడగలైవాళ్లది మర్కట కిశోర న్యాయం: కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకోవాలి, మోయడం తల్లి పని. తెంగలైవాళ్లది మార్జాల కిశోర న్యాయం: పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ కరుచుకుని తీసుకెళ్తుంది. నామం గీతల దగ్గర్నుంచి గుడి ఏనుగు నుదుటి బొట్టు దాకా కోర్టులకెక్కిన ఈ రెండు శాఖలూ ఒక విషయంలో కలుస్తాయి. శరణాగతికి చెప్పిన ఆరు అంగాల్లో, తప్పక రక్షిస్తాడన్న నమ్మకం ఒకటైతే, రక్షించు అని నోరు తెరిచి కోరడం మరొకటి. ఆయనకు అన్నీ తెలుసు కదా, చెప్పడమెందుకు అనేవాళ్లకు అక్కడే జవాబు ఉంది.

రోజువారీ కష్టంలో ఈ రెండు పిల్లలూ పనికొస్తాయి, వేళ తెలిస్తే చాలు. బైపాస్ ఆపరేషన్ కావాలన్నారనుకుందాం. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం, ఆరోగ్యశ్రీ కాగితాలు సరిచూసుకోవడం, రక్తం ఇచ్చేవాళ్లను వెతకడం, బీడీ మానడం కోతిపిల్ల పనులు. థియేటర్ తలుపు మూసుకున్నాక బయట కుర్చీలో కూర్చున్న భార్య చేయగలిగేది ఏమీ లేదు. అప్పుడు పిల్లికూన కావాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే చాలామంది దీన్ని తిరగేస్తారు. మాత్రలు వేసుకోవాల్సిన రోజుల్లో అంతా ఆయనే చూసుకుంటాడంటారు, చేయగలిగింది లేని రాత్రి మాత్రం అంతా తామే మోయాలని తెల్లవార్లూ కూర్చుంటారు. ఒంటెను వదిలేసి దేవుణ్ణి నమ్మాలా, కట్టేసి నమ్మాలా అని ఒక అరబ్బు అడిగితే, ముందు కట్టేయి, తర్వాత నమ్ము అన్న భావంలో మహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ హదీసుల్లో ఉంది. అంతకంటే పొట్టిగా ఈ సంగతి చెప్పడం కష్టం.

ఒంటెను కట్టడం అంటే ఏమిటో ఒంగోలు ప్రాంతం ఒకసారి కళ్లారా చూసింది. 1876లో మొదలైన కరువు అది. ధాత సంవత్సరంలో వచ్చింది కాబట్టి ధాత కరువు అంటారు. 1878 దాకా సాగి దక్షిణాదిలో 50 లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. దేవుడున్నాడా అన్న ప్రశ్న అప్పుడు తర్కం కాదు, ఆకలి. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మిషనరీ కాకముందు సొంత దేశంలో సర్వే పని చేసినవాడు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడు నాలుగు మైళ్ల ముక్క ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అప్పటి కరువు శిబిరాల్లో మాదిగలకు మేస్త్రీల వేధింపులు ఎక్కువగా ఉండేవి. క్లౌ తన సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. పాకలు వేయించాడు, మంచినీళ్లకు బావులు తవ్వించాడు. పార పట్టినవాడికీ గంప ఎత్తినదానికీ కూలి డబ్బులు చేతికి అందాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, అదే ఆ మనిషిని గౌరవించేలా చేస్తుంది. కరువు నడుస్తున్నంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం దేవుణ్ణి మార్చుకున్నారన్న మాట రాకూడదని. సాయం ఆగి, వానలు పడి, ఇక ఆయన దగ్గర పంచడానికేమీ లేదని తేలాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతమార్పిడి మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. దేవుడు పట్టించుకుంటున్నాడని ఆ జనం ఎలా నమ్మారన్నదే ఇక్కడ ప్రశ్న. ప్రసంగం వినడానికి ముందే వాళ్ల చేతికి కూలి అందింది.

ప్రార్థన మిషను కాదు

ప్రార్థన పనిచేస్తుందో లేదో కొలుద్దామని కూడా చూశారు. హార్వర్డ్‌కు చెందిన హెర్బర్ట్ బెన్సన్ నాయకత్వంలో, ఆరు ఆస్పత్రుల్లో 1,802 మంది బైపాస్ రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనం 2006లో వెలువడింది. ఒక వర్గం కోసం దూరంగా ఉన్న భక్త బృందాలు ప్రార్థన చేశాయి, ఇంకో వర్గం కోసం చేయలేదు. ఎవరి కోసం చేస్తున్నారో ఈ రెండు వర్గాలకూ తెలియదు. మూడో వర్గానికి మాత్రం మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నామని చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు మొదటి వర్గంలో 52 శాతం మందికి, రెండో వర్గంలో 51 శాతం మందికి వచ్చాయి. తేడా లేదు. చెప్పి చేసిన మూడో వర్గంలో 59 శాతం!

నాస్తికులు ఈ అంకెలు చూసి చంకలు గుద్దుకున్నారు, భక్తులు దేవుణ్ణి పరీక్ష గొట్టంలో పోస్తారా అని కోప్పడ్డారు. ఇద్దరినీ పక్కనపెట్టి ఆలోచిస్తే ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటి కనబడుతుంది. మంచం మీద ఉన్న మనిషి దగ్గరికి ఎవరో వచ్చి "మా సంఘమంతా మీ కోసం ఉపవాసం ఉంటోంది" అనో, "మీ పేరు మీద మృత్యుంజయ హోమం చేయిస్తున్నాం" అనో చెబితే ఆ మనిషికి ఏమనిపిస్తుంది? పరిస్థితి అంతదాకా వచ్చిందా అనిపించవచ్చు. మృత్యుంజయం పేరు వినగానే జావగారిపోయినవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. ప్రార్థన మానక్కర్లేదు, టముకు వేయకుండా చేసుకోవచ్చు.

ఇక సొంతంగా మొరపెట్టుకునే పద్ధతి. దీనికి గోపన్న చూపిన నమూనా కంటే మంచిది దొరకదు: చిట్టా. కష్టాలు తీర్చు స్వామీ అన్న గంపగుత్త ప్రార్థన మనసు మీద నుంచి ఏ బరువునూ దించదు. ఒక నోటుబుక్కు తీసుకుని, పైన ఇష్టదైవం పేరు రాసి, అర్జీ రాసినట్టు రాయాలి. ఏ తేదీన ఏం జరిగింది, ఎంత అప్పు మిగిలింది, ఎవరి మాట గుచ్చుకుంది, ఏ రిపోర్టు చూడటానికి భయం వేస్తోంది. కోపం ఉంటే కోపమే రాయాలి. అక్షరదోషాలు చూసుకోనక్కర్లేదు, ఇంకొకరు చదివే కాగితం కాదు. 1986లో జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లలతో వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని గట్టి దెబ్బల గురించి రాయించాడు. సంగతిని, దాని వల్ల కలిగిన బాధను కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. వాళ్లు దేవుడికి రాయలేదు, ఉత్త కాగితానికి రాశారు. వినేవాడొకడు ఉన్నాడనుకుని రాసేవాళ్లకు ఇంకో మెట్టు అదనం.

రాసిన తర్వాత అర్జీ మీద గీత గీసి ఒక్కో సంగతి పక్కన కోతి అనో పిల్లి అనో రాసుకోవచ్చు. బ్యాంకు మేనేజరును కలవడం కోతి. కొడుకు మనసు మారడం పిల్లి. నవ్వొస్తే మంచిదే, ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మొక్కుల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు పెట్టడం తెలుగిళ్లలో పాత అలవాటు. భయం ఒక మూటగా మారి దేవుడి గూట్లోకి వెళ్తుంది, మనిషి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగిస్తుంది. ఒక్క రూపాయితో అయ్యే మానసిక వైద్యం. చిక్కంతా కష్టం తీరాక తీర్చాల్సిన మొక్కు కొత్త కష్టమైనప్పుడు వస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మొక్కు తీర్చిన కుటుంబాలు తక్కువేమీ కాదు. తలనీలాలకు వడ్డీ ఉండదు. అలాగే తాయెత్తు కట్టిన చేత్తోనే బీపీ మాత్ర వేసుకోవచ్చు, స్వస్థత ప్రార్థనకు వెళ్లొచ్చి ఇన్సులిన్ పొడుచుకోవచ్చు. మాత్రలు మానేస్తేనే నమ్మినట్టు అని ఎవరైనా అంటే, ఆ మాట అన్నవాళ్లను ఇంట్లోకి రానివ్వకపోవడమే క్షేమం.

పరామర్శకు వెళ్లేవాళ్లకు

బైబిల్లో యోబు గ్రంథం 42 అధ్యాయాలు. పిల్లల్ని, పశువుల్ని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. మొదటి వారం వాళ్లు చేసిన పనికి వంక పెట్టలేం. ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా పక్కన నేల మీద కూర్చున్నారు. ఎనిమిదో రోజు నుంచే చెడింది. యోబు నోరు తెరిచి పుట్టిన రోజునే శపించుకున్నాడు. వాళ్లు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. నువ్వేదో తప్పు చేసి ఉంటావు, నీ పిల్లలేదో చేసి ఉంటారు, ఒప్పుకో అంటూ అధ్యాయాల కొద్దీ వాదించారు. యోబు దేవుణ్ణే కోర్టుకు లాగుతానన్నంత మాట అన్నాడు. చివరికి దేవుడు వచ్చి కోప్పడింది ఆ ముగ్గురి మీద. నా గురించి నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. దేవుణ్ణి సమర్థించినవాళ్లకు చీవాట్లు, నిలదీసినవాడికి మెప్పు. ఆదివారం ప్రసంగాల్లో యోబు ఓర్పు గురించి విన్నంతగా ఈ ముక్క వినబడదు.

తెలుగూళ్లలో పరామర్శకు వెళ్లేవాళ్ల నోట ఆ ముగ్గురూ ఇంకా బతికే ఉన్నారు. "పూర్వజన్మ కర్మమ్మా." "నుదుట రాసిపెట్టి ఉంటే ఎవరేం చేస్తారు." "మంచివాళ్లనే దేవుడు ముందు తీసుకెళ్తాడు." మూడో మాట విన్న పదేళ్ల పిల్ల, తమ్ముణ్ణి పోగొట్టుకున్నది, ఇక మంచిగా ఉండకూడదని నిర్ణయించుకున్నా ఆశ్చర్యం లేదు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఏమీ చెప్పకపోవచ్చు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు క్యారియర్లు తెస్తారు. ఆ ఆచారం పెట్టినవాళ్లెవరో గానీ యోబు స్నేహితుల కంటే తెలివైనవాళ్లు. పదకొండో రోజు తర్వాత అందరూ వెళ్లిపోయాక, మూడో నెలలో ఒక సాయంత్రం వెళ్లి కూర్చోవడం, పెన్షను కాగితాలు పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసు దాకా తోడు వెళ్లడం, స్కూలు ఫీజు గడువు గుర్తు చేయడం. దేవుడు పట్టించుకుంటున్నాడన్న కబురు ఆ ఇంటికి ఎక్కువసార్లు ఈ రూపంలోనే అందుతుంది.

గోపన్నకు కూడా కబురు సరాసరి అందలేదు. కథ ప్రకారం రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని వెళ్లింది చెరసాలకు కాదు, తానీషా పడకగదికి. వరహాలు కుప్ప పోసి, రశీదు రాయించుకుని మరీ వెళ్లారు. పన్నెండేళ్లు పిలిచినవాడికి దర్శనం లేదు. ఒక్కసారి కూడా పిలవని సుల్తానుకు ఎదుటే నిలబడ్డారు. విడుదలైన గోపన్న దీనికీ రాముడితో గొడవపడ్డాడని చెబుతారు. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్లే ఆనవాయితీ ఆ తానీషా నుంచే వస్తోందని వాడుక.

తానీషా కథ అక్కడితో ముగియలేదు. అబుల్ హసన్ సింహాసనం ఎక్కకముందు ఎవరూ పట్టించుకోని రాచబంధువుగా ఒక సూఫీ గురువు దగ్గర ఏళ్లు గడిపాడు. 1672లో అనుకోకుండా రాజయ్యాడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, సొంత మనిషి ఒకడు తలుపు తీయగా ఔరంగజేబు సైన్యం కోటలోకి వచ్చింది. అక్కన్న మాదన్నలు అంతకుముందే హత్యకు గురయ్యారు. మొగలు సర్దారులు పట్టుకుపోవడానికి వచ్చేసరికి తానీషా తాపీగా ఫలహారం తెప్పించుకుని తింటున్నాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఈ స్థితిలో తిండి ఎలా సహిస్తోందని ఒకరు అడిగారట. దేవుడు కొన్నాళ్లు నన్ను ఫకీరుగా ఉంచాడు, అడక్కుండానే రాజును చేశాడు, ఇప్పుడు ఈ రోజు చూపిస్తున్నాడు, అన్నీ ఆయన చేతిలోవే అన్న అర్థంలో జవాబు చెప్పి, తినడం పూర్తిచేసి లేచాడు. అతన్ని దౌలతాబాదు కోటలో పెట్టారు. బయటికి రాలేదు, అక్కడే పోయాడు. ఆ చెర కూడా సుమారు పన్నెండేళ్లే నడిచింది.